ఇంట గెలిచి రచ్చకు వెళ్ళిన కొండ బిడ్డ: బైచుంగ్ భూటియా

 

ఈ నెల గోడపత్రికలో ఆటల పాఠం నా వంతు వచ్చినది. ఆటలు అనగానే మనోళ్ళందరూ క్రికెట్టు గురించే రాస్తారు. కానీ మన గ్రౌండులో సాయంత్రం బెల్లు కొట్టగానే ఎక్కువ మంది పరిగెత్తేది ఫుట్‌బాల్ దగ్గరికే. ఒక్క బంతి ఉంటే చాలు, ఇరవై ఇద్దరు ఆడుకోవచ్చు. బ్యాట్లు అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. బూట్లు లేకపోయినా ఆడతాం. అయితే ఈ ఆటనే ఉద్యోగంగా చేసుకుని బతికినవారు ఉన్నారా? ఉంటే వాళ్ళ బతుకు ఎలా నడిచింది? ఎంత సంపాదించారు అన్నది కాదు, ఎలా నిలబడ్డారు అన్నది నా ప్రశ్న. అందుకు ఒక మనిషి కథ తీసుకున్నాను. ఆయన పేరు బైచుంగ్ భూటియా. మనలాగే కొండల్లో పుట్టినవాడు, మనలాగే షెడ్యూల్డు తెగవాడు, మనలాగే హాస్టల్లో చదివినవాడు.

1. వృత్తి ఆటగాడు అనగా ఎవరు?

ముందు ఈ మాట అర్థం చేసుకోవాలి. సరదాకు ఆడేవాడు వేరు, వృత్తిగా ఆడేవాడు వేరు. వృత్తి ఆటగాడు ఒక క్లబ్బుతో కాగితం మీద ఒప్పందం రాసుకుంటాడు. ఇన్ని సంవత్సరములు మీ జట్టుకే ఆడతాను, మీరు నాకు ఇంత జీతం ఇవ్వాలి అని ఆ కాగితంలో ఉంటుంది. గడువు తీరితే క్లబ్బు మళ్ళీ రాయించుకోవచ్చు, లేదా పంపించివేయవచ్చు. ఆటగాడు కూడా వేరే క్లబ్బుకు మారవచ్చు. దాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. అంటే మన సార్లకు జరిగే బదిలీ లాంటిది కాదు. సారు బదిలీ అయినా ఉద్యోగం ఉంటుంది. ఆటగాడి ఒప్పందం అయిపోతే, ఇంకో క్లబ్బు పిలిచేదాకా ఉద్యోగం లేనట్టే.

ఇంకో తేడా కూడా ఉంది. సర్కారు ఉద్యోగి సుమారు అరవై ఏళ్ళు వచ్చేదాకా పని చేస్తాడు. ఫుట్‌బాల్ ఆటగాడు ముప్పై అయిదు దగ్గర పడితే ముసలివాడి కింద లెక్క. ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకుని కింది పాఠం చదవండి.

2. పుట్టిన ఊరు

బైచుంగ్ భూటియా 1976 డిసెంబరు 15న సిక్కిం రాష్ట్రంలో టింకిటామ్ అనే పల్లెలో పుట్టాడు. సిక్కిం మన దేశానికి ఈశాన్యంగా హిమాలయాల్లో గలదు. 8,586 మీటర్ల కాంచనగంగ శిఖరం ఆ రాష్ట్రం సరిహద్దులోనే ఉంది. సోషల్ పుస్తకంలో చదువుకున్నాం కదా, సిక్కిం మన దేశంలో రాష్ట్రంగా చేరినది 1975లో. అంటే ఆ రాష్ట్రం కంటే ఆయన ఒక్క ఏడాదే చిన్నవాడు. అక్కడి భూటియా, లెప్చా జనాలను 1978లో షెడ్యూల్డు తెగలుగా ప్రకటించారు.

తల్లిదండ్రులు వ్యవసాయదారులు. కొడుకు ఆటల్లో పడటం వాళ్ళకు మొదట్లో ఇష్టం లేదు. ఇది ఎక్కడైనా ఉండేదే. పొలం పని చేసేవారికి బంతి వెనక పరిగెత్తడం పనిలాగా కనిపించదు. కర్మా భూటియా అనే బంధువు, వరసకు మామ అవుతాడు, ఆయన వెన్ను తట్టి ముందుకు నడిపించాడు. ఒక్క పెద్ద మనిషి నమ్మితే పిల్లవాడి దారి మారుతుందనడానికి ఇదొక సాక్ష్యం.

3. తొమ్మిదేళ్ళకే హాస్టలు

బైచుంగ్ మొదట పాక్యాంగ్‌లోని సెయింట్ జేవియర్స్ బడిలో చదివాడు. తొమ్మిదేళ్ళ వయసులో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఇచ్చే ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు గెలుచుకున్నాడు. ఈ సంస్థ 1984లో ఏర్పడినది. అంటే అది పెట్టిన కొత్తల్లోనే ఈ కుర్రవాడు దాని కంట పడ్డాడు. ఆ స్కాలర్‌షిప్పు మీద రాజధాని గాంగ్‌టక్‌లో ఉన్న తాషీ నామ్‌గ్యాల్ అకాడమీలో చేరాడు.

తొమ్మిదేళ్ళంటే మన లెక్కలో నాలుగో తరగతి. మనలో చాలామంది ట్రంకు పెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చిన వయసు అదే. ఇల్లు వదిలి ఉండటం అంటే ఏమిటో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఆయన కలకత్తా వెళ్ళినా, ఇంగ్లండు వెళ్ళినా నిలబడటానికి కావలసిన మొదటి చదువు ఇదే అని నా అభిప్రాయం. సొంతంగా బట్టలు ఉతుక్కోవడం, వడ్డించింది తినడం, వేరే భాష వాళ్ళ పక్కన పడుకోవడం. ఇవి మనకు రోజూ జరిగేవే గనక విలువ తెలియడం లేదు.

4. పదహారేళ్ళకు కలకత్తా

దేశంలోని బడి పిల్లలకు సుబ్రతో కప్ అనే ఫుట్‌బాల్ పోటీ ఉంది. భారత వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేర 1960 నుంచి జరుపుతున్నారు. 1992 పోటీలో బైచుంగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనాడు. భారత జట్టుకు గోల్‌కీపరుగా ఆడిన భాస్కర్ గంగూలీ ఆయన ఆట చూసి కలకత్తాకు దారి చూపించాడు. 1993లో, పదహారేళ్ళ వయసులో, బడి వదిలి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు.

ఇక్కడ మనవాళ్ళు ఒక మాట గమనించాలి. కలకత్తా అంటే ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌కు కాశీ లాంటిది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అని రెండు పెద్ద క్లబ్బులు. ఈ రెండూ ఆడితే ఊరు రెండుగా చీలిపోతుంది. ఒకే ఇంట్లో తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు. అటువంటి చోటికి బెంగాలీ మాతృభాష కాని ఒక కొండ కుర్రవాడు వెళ్ళి బంతి అడుక్కోలేదు. గోల్స్ కొట్టి నిలబడ్డాడు.

1995లో పంజాబులోని ఫగ్వాడాలో ఉన్న జె.సి.టి. మిల్స్ జట్టుకు మారాడు. అక్కడ కేరళకు చెందిన ఐ.ఎం. విజయన్ ఉన్నాడు. ఈ విజయన్ చిన్నప్పుడు త్రిసూర్ స్టేడియంలో సోడాలు అమ్మి, అదే ఆటలో దేశంలో పెద్ద ఆటగాడైన మనిషి. ఆయన పక్కన ఆడటం బైచుంగ్‌కు పెద్ద పాఠశాల. 1996-97లో మన దేశంలో మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ జరిగినది. కప్పు జె.సి.టి.కి వచ్చింది. అందరికంటే ఎక్కువ గోల్స్ బైచుంగ్ కొట్టాడు. 1995లోనే నెహ్రూ కప్పులో థాయిలాండు మీద ఆడి దేశపు జట్టులోకి కూడా వచ్చేశాడు.

5. 1,31,000 మంది ముందు

1997లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్‌కు వచ్చాడు. ఆ ఏడాది జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీ ఫైనల్. ఎదురుగా మోహన్ బగాన్. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో 1,31,000 మంది చూశారని లెక్క. మన హాస్టల్లో 400 మందిమి ఉన్నాం. ఇలాంటి హాస్టళ్ళు సుమారు 327 కలిపితే ఆ జనం అవుతారు. లెక్కల సారు కావాలంటే భాగించి చూడవచ్చు.

ఆ ఆటకు ముందు ఎదుటి పక్షం వైపు నుంచి ఆయన పేరును వంకర చేసి వెక్కిరించారు. పత్రికల్లో కూడా వచ్చింది. టౌనుకు పోతే మన ఇంటిపేర్లు, ఊరిపేర్లు విని నవ్వేవాళ్ళు మనకు కొత్త కాదు. బైచుంగ్ నోటితో జవాబు చెప్పలేదు. కాలితో చెప్పాడు. మూడు గోల్స్ కొట్టాడు. ఒకే మ్యాచ్‌లో ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే దాన్ని హ్యాట్రిక్ అంటారు. ఈస్ట్ బెంగాల్ 4-1 తేడాతో గెలిచింది. 1998లో ఆయనకు అర్జున అవార్డు వచ్చినది. ఇంట గెలవడం అంటే ఇదన్నమాట.

6. రచ్చ: ఇంగ్లండు

ఇక రచ్చ గెలవాలి. మన దేశం నుంచి యూరపు క్లబ్బుకు వెళ్ళినవారు బైచుంగ్ కంటే ముందు ఒకే ఒక్కరు పేరుకెక్కారు. ఆయన కలకత్తాకు చెందిన మహమ్మద్ సలీం. 1936లో స్కాట్లండులోని సెల్టిక్ క్లబ్బుకు ఆడాడు. బూట్లు వేసుకోలేదు. కాళ్ళకు గుడ్డ కట్లు కట్టుకుని ఒట్టి పాదాలతోనే ఆడి అక్కడివారిని ఆశ్చర్యపరిచాడు. రెండు మ్యాచ్‌లు ఆడాక ఇల్లు గుర్తొచ్చి తిరిగి వచ్చేశాడు. ఆయన్ని తప్పు పట్టలేం. సంక్రాంతి సెలవులకు పోయి తిరిగి రాని మన తమ్ముళ్ళు ఏడాదికి ఎంతమందో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. ఇంటి మీద బెంగ మంచి ఆటగాణ్ణి కూడా లాగేస్తుంది.

బైచుంగ్ సంగతికి వద్దాం. ఇంగ్లండులో ఆస్టన్ విల్లా, ఫుల్హామ్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ అనే క్లబ్బుల్లో ట్రయల్స్‌కు వెళ్ళాడు. ఎక్కడా తీసుకోలేదు. మూడు తలుపులు మూసుకున్నాక నాలుగోది తెరుచుకుంది. 1999 సెప్టెంబరు 30న మాంచెస్టరు దగ్గర ఉన్న బరీ క్లబ్బు మూడేళ్ళకు ఒప్పందం రాయించుకున్నది. యూరపు క్లబ్బుతో అలా ఒప్పందం చేసుకున్న మొదటి భారతీయుడు ఆయనే. అక్టోబరు 3న కార్డిఫ్ సిటీ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. మొదటి లీగు గోల్ కొట్టడానికి 2000 ఏప్రిల్ 15 దాకా ఆగవలసి వచ్చింది. చెస్టర్‌ఫీల్డ్ జట్టు మీద కొట్టాడు. అంటే ఆరు నెలలు దాటింది. కలకత్తాలో ఒక్క సాయంత్రం మూడు గోల్స్ కొట్టినవాడికి, అక్కడ ఒక్క గోల్‌కు అన్నాళ్ళు పట్టిందన్నమాట.

ఎందుకిలా? కారణాలు చూద్దాం. అక్కడ లీగులు మెట్ల మాదిరిగా ఉంటాయి. అన్నిటికంటే పైన ప్రీమియర్ లీగ్. దాని కింద మొదటి డివిజన్, ఆ కింద రెండో డివిజన్, ఆ కింద మూడో డివిజన్ అని ఆ రోజుల్లో పిలిచేవారు. బరీ ఉన్నది రెండో డివిజన్‌లో, అనగా పైనుంచి మూడో మెట్టు మీద. ఆడి గెలిస్తే పై మెట్టు ఎక్కుతారు, ఓడితే కింది మెట్టుకు దిగుతారు. అందుకని ప్రతి మ్యాచ్ ప్రాణం మీదికి వచ్చినట్టే ఆడతారు. ఆ మెట్టు మీద నేల బురద, గాలి చలి, ఆటగాళ్ళు ఎత్తుగా బలంగా ఉంటారు. బంతి నేల మీద కంటే గాలిలో ఎక్కువ తిరుగుతుంది. బైచుంగ్ బలం వేగం, చురుకు, గోల్ దగ్గర ఖాళీ కనిపెట్టే చూపు. ఆ చూపుకే సిక్కిమీస్ స్నైపర్ అని పేరు. ఆ బలానికి తగిన ఆట అక్కడ తక్కువ దొరికింది.

బరీ చిన్న ఊరే గానీ చిన్న చరిత్ర కాదు. ఆ క్లబ్బు 1885లో పుట్టినది. 1900లోనూ 1903లోనూ ఇంగ్లండు ఎఫ్.ఎ. కప్ గెలిచినది. 1903 ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించినది. అటువంటి క్లబ్బు కూడా డబ్బు ఇబ్బందుల్లో పడి 2019లో లీగు నుంచి వెలివేయబడింది. తర్వాత అభిమానులే కూడబలుక్కుని 2023లో ఒక్కటై తమ పాత గ్రౌండులో మళ్ళీ జట్టును నిలబెట్టుకున్నారు. క్లబ్బులకే ఇలా ఉంటే ఆటగాడి సంగతి చెప్పాలా!

7. మోకాలు

మూడు సీజన్లలో బైచుంగ్ బరీకి 37 లీగు మ్యాచ్‌లు ఆడాడు, 3 గోల్స్ కొట్టాడు. ఆఖరి సీజన్లో ఆడినవి మూడే మూడు. కారణం మోకాలు. ఒకసారి తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. 2002లో బరీ కింది మెట్టుకు దిగిపోయింది. క్లబ్బు ఆయన్ని వదిలేసింది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఏడు నాకు క్రీడా పాఠశాల సెలక్షన్‌కు రమ్మని పిలుపు వచ్చింది. కాగితం మీద మా అయ్య సంతకం పెట్టాలి. అయ్య ఇంకా పెట్టలేదు. "కాలిరిగితే ఎవడు కూడు పెడతాడురా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం కోసం చదువుతూ ఉంటే తెలిసింది, అయ్య అడిగింది ఉత్త భయం కాదు, అసలు ప్రశ్న అదే అని. దేశంలో అందరికంటే పేరున్న ఆటగాడికి కూడా మోకాలు ఎదురు తిరిగితే ఒప్పందం అయిపోయింది.

కాబట్టి మోకాలి గురించి నాలుగు మాటలు. తొడ ఎముక, కింది కాలి ఎముక కలిసే చోటు మోకాలు. ఈ రెంటి మధ్య మెత్తటి పొర ఉంటుంది. ఎముకలు జారకుండా గట్టి నరాల్లాంటి కట్లు పట్టి ఉంచుతాయి. పరుగులో ఉన్నప్పుడు పాదం నేలకు అతుక్కుని ఒళ్ళు మాత్రం తిరిగితే ఆ కట్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. మన గ్రౌండులో గుంతలు ఉన్నవి గనక ఇది మనకు ఎక్కువ అవసరం. మోకాలు వాస్తే ఆట వెంటనే ఆపాలి. చల్లటి తడిగుడ్డ వేయాలి, కాలు ఎత్తు మీద పెట్టాలి. గట్టిగా రుద్దకూడదు, లాగకూడదు. సారుకు చెప్పి ఆసుపత్రికి పోవాలి. నొప్పి దాచుకుని ఆడటం మగతనం కాదు, తెలివి తక్కువతనం.

8. తిరిగి ఇల్లు, మళ్ళీ పరదేశం

2002లో తిరిగి వచ్చి మోహన్ బగాన్‌లో చేరాడు. దెబ్బ మళ్ళీ ఇబ్బంది పెట్టి ఆ ఏడాది ఎక్కువ ఆడలేదు. బైచుంగ్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2003లో ఈస్ట్ బెంగాల్‌కు మారాడు. ఆ జూలైలో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియాన్ క్లబ్బుల పోటీ జరిగినది. ఫైనల్లో థాయిలాండుకు చెందిన బి.ఇ.సి. టెరో సాసనా జట్టును ఈస్ట్ బెంగాల్ 3-1తో ఓడించి కప్పు తెచ్చింది. ఫైనల్లో ఒక గోల్ ఆయనదే. మొత్తం పోటీలో 9 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. మోకాలు పోయిందన్నవాళ్ళ నోళ్ళు అలా మూయించాడు.

ఆ తర్వాత మలేషియాలో 2003లో పెరాక్ జట్టుకు కొద్ది నెలలు, 2005లో సెలాంగోర్ ఎం.కె. ల్యాండ్ జట్టుకు కొద్ది మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లండు ఒక్కటే పరదేశం కాదు గదా. జీతం, ఆట రెండూ దొరికేచోటికి పోవడం వృత్తి ఆటగాడి లక్షణం. మన ఊళ్ళలో మిరప కోతలకు ఒక సీజను ఒకచోటికి, ఇంకో సీజను ఇంకోచోటికి పోయినట్టే. పని ఉన్న వైపు నడవాలి.

9. దేశం కోసం

క్లబ్బు జీతం ఇస్తుంది. దేశపు జట్టు గౌరవం ఇస్తుంది. బైచుంగ్ భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండగా 2007లోనూ 2009లోనూ నెహ్రూ కప్పు వచ్చింది. రెండు ఫైనళ్ళలోనూ ఓడినది సిరియా. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. 2008లో ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లు మన హైదరాబాదులోనే జరిగాయి. ఫైనల్ మాత్రం ఢిల్లీలో. తజికిస్తాన్‌ను 4-1తో ఓడించారు. సునీల్ ఛెత్రి మూడు, బైచుంగ్ ఒకటి కొట్టారు. ఆ గెలుపు వల్ల 1984 తర్వాత మళ్ళీ 2011లో భారతదేశం ఆసియా కప్పులో ఆడింది. అంటే 27 ఏళ్ళకు. అక్కడ మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. బైచుంగ్ కాలి పిక్క దెబ్బతో రెండు మ్యాచ్‌లు బయట కూర్చుని, మూడోదానిలో ఆఖరి నిమిషాల్లో మాత్రమే దిగాడు. 2011 ఆగస్టు 24న దేశపు జట్టు నుంచి విరమించాడు. వయసు 34. 2012 జనవరి 10న ఢిల్లీలో జర్మనీకి చెందిన బయెర్న్ మ్యూనిక్ జట్టుతో వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. 4-0తో ఓడిపోయాం. అయినా స్టేడియం లేచి నిలబడింది.

హైదరాబాదు మాట వచ్చింది గనక ఇంకొకటి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ రెండు జట్లకూ కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడి పంతులు. పంతులు తలుచుకుంటే దేశపు జట్టే తయారవుతుంది!

విరమించాక బైచుంగ్ ఊరికే కూర్చోలేదు. అంతకు ముందే 2006లో ఆటగాళ్ళ హక్కుల కోసం సంఘం పెట్టినవారిలో ఆయన ఉన్నాడు. జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినప్పుడు వదిలేసినా అడగడానికి ఒక సంఘం కావాలని తన అనుభవమే చెప్పింది కాబోలు. 2010లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే బడులు మొదలుపెట్టాడు. యునైటెడ్ సిక్కిం అనే క్లబ్బు నడిపాడు. సిక్కింలోని నామ్చి పట్టణంలో ఆయన పేర స్టేడియం ఉంది.

10. ఇంకో కొండ బిడ్డ

ఒక్కరి కథే చెప్తే పాఠం ఒంటి కాలి మీద నిలబడ్డట్టు ఉంటుంది. నాగా కొండలకు చెందిన టి. ఆవో అనే ఆయన ఉన్నాడు. స్వతంత్ర భారతదేశం మొట్టమొదట ఒలింపిక్స్‌కు పోయిన 1948లో, లండనులో, మన ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కెప్టెన్. జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్సు మీద 2-1తో ఓడారు. ఆ సమయానికి ఆవో కలకత్తాలో డాక్టరు చదువు చదువుతున్నాడు, మోహన్ బగాన్‌కు ఆడుతున్నాడు. ఆట అయిపోయాక ఏం చేశాడు? చదువు పూర్తి చేసి డాక్టరై తన కొండలకే తిరిగి వెళ్ళి ప్రజలకు వైద్యం చేశాడు. నాగాలాండు ఆరోగ్య శాఖకు అధిపతి కూడా అయినాడు.

ఇద్దరూ కొండ బిడ్డలే, ఇద్దరూ దేశానికి కెప్టెన్లే. ఒకరు పదహారేళ్ళకు బడి వదిలి ఆటను పట్టుకున్నారు. ఒకరు రెండూ పట్టుకున్నారు. ఎవరు గొప్ప అని కొట్టుకోవద్దు. కానీ ఒకటి ఆలోచించండి. బైచుంగ్‌లాగా బడి వదిలి ఆటలోకి పోయినవారు ఎంతమందో ఉంటారు. మోకాలు పోయినవారి పేర్లు మనకు తెలియవు. గెలిచినవాడి పేరే పుస్తకంలో ఉంటుంది.

11. 37 మ్యాచ్‌లు, 3 గోల్స్: ఇది ఓటమేనా?

మా రూములో ఈ లెక్క చెప్పినప్పుడు ఒకడు "ఇంతేనా! మూడు గోల్స్ కోసం ఇంగ్లండు దాకా పోవాలా?" అన్నాడు. నేను ఒప్పుకోను. బరీలో ఆడినవారందరూ అక్కడి వీధుల్లో, అక్కడి చలిలో ఆడి పెరిగినవారు. ఈయన టింకిటామ్ నుంచి పోయాడు. 37 సార్లు ఆ చొక్కా వేసుకుని గ్రౌండులోకి దిగడమే ఒక దారి వేయడం. అడవిలో మొదట నడిచినవాడికి ముళ్ళు గుచ్చుకుంటాయి. వెనక వచ్చినవాడికి బాట కనిపిస్తుంది. తర్వాతి కాలంలో సునీల్ ఛెత్రి అమెరికాకు, పోర్చుగల్‌కు వెళ్ళి ఆడాడు. గోల్‌కీపరు గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వేకు వెళ్ళి ఆడాడు. బాట పడిందన్నమాట.

మా అయ్యకు నేను చెప్పబోయే జవాబు ఇది. కాలు విరగవచ్చు, నిజమే. అందుకని క్రీడా పాఠశాలకు పోయినా పదో తరగతి పరీక్ష వదలను. సర్టిఫికెట్టు చేతిలో ఉంటే కాలు పోయినా చెయ్యి ఉంటుంది. అయ్య సంతకం పెడతాడో లేదో వచ్చే ఆదివారం ఊరికి పోయాక తెలుస్తుంది. పెట్టకపోతే ఆయన మీద కోపం తెచ్చుకోను. ఇక్కడే ఆడతాను, ఇక్కడే చదువుతాను, మళ్ళీ అడుగుతాను.

వార్డెన్ గారికి ఒక విన్నపం. పోయిన ఏడు దసరా సెలవుల తర్వాత పదో తరగతి వారికి సాయంత్రం ఆటల గంట తీసివేసి స్టడీ పెట్టారు. మార్కులు రావాలనే పెట్టారని మాకు తెలుసు. అయితే ఆవో గారు డాక్టరు చదువు చదువుతూనే ఒలింపిక్స్ ఆడారు. కావున ఈ సంవత్సరం వారానికి మూడు సాయంత్రములైనా పదో తరగతి వారిని గ్రౌండుకు వదలవలసిందిగా కోరుచున్నాము. గ్రౌండులో గుంతలు పూడ్చడానికి ఆదివారం మేమే తట్ట, పార పట్టుకుని వస్తాము.

గుర్తుంచుకోవలసిన సంవత్సరములు

1976: జననం, టింకిటామ్, సిక్కిం
1992: సుబ్రతో కప్‌లో ఉత్తమ ఆటగాడు
1993: ఈస్ట్ బెంగాల్‌లో చేరిక
1995: దేశపు జట్టులో ప్రవేశం; జె.సి.టి.కి మార్పు
1997: మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్
1999-2002: ఇంగ్లండులో బరీ క్లబ్బు
2003: ఆసియాన్ క్లబ్ కప్పు, మలేషియాలో పెరాక్
2005: మలేషియాలో సెలాంగోర్ ఎం.కె. ల్యాండ్
2008: పద్మశ్రీ, ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్
2011: ఆసియా కప్పు, దేశపు జట్టు నుంచి విరమణ

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి)

1. వృత్తి ఆటగాడికి, సరదాకు ఆడేవాడికి తేడా ఏమి?
2. లీగులో మెట్టు దిగడం అనగా నేమి? బరీ క్లబ్బును ఉదాహరణగా రాయండి.
3. మోకాలు వాచినప్పుడు చేయవలసినవి, చేయకూడనివి రాయండి.
4. బైచుంగ్, టి. ఆవో నడిచిన రెండు దారుల్లో నీకు ఏది నచ్చింది? ఎందుకు? (దీనికి తప్పు జవాబు లేదు. కారణం మాత్రం రాయాలి.)

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో ఓడినా సిగ్గు లేకుండా ఇంటికి వచ్చి మళ్ళీ గెలవవచ్చని బైచుంగ్ చూపించాడు. బెల్లు కొడుతున్నారు, ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి